కంచంలో ఒగ్గిన ముద్ద

శుద్ధ పాడ్యమి. పొద్దుటి పోటు 31 అడుగులు. తూర్పు గాలి.

గవ్వా, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ఈ పుస్తకంలో రాయడమే కదా నా ఉద్యోగం. పైన రెండు గీతల్లో నీరు, గాలి రాస్తాను. కింద "విశేషాలు" అని కొంత చోటు ఖాళీగా ఉంటుంది. పధ్నాలుగేళ్ళుగా అక్కడ "ఏమీ లేవు" అనే రాస్తూ వచ్చాను. నువ్వు పోయిన రోజున కూడా అదే రాశాను. చెయ్యి అలవాటు పడిపోయింది. మర్నాడు చూసుకుని సిగ్గుపడ్డాను. ఇకమీదట ఆ చోటు నీది. చాలకపోతే పేజీ వెనక్కి తిప్పుతాను.

నేను ఎన్నికల్లో నిలబడుతున్నానే. నవ్వకు.

గోడసభలో ఏడు కుర్చీలున్నాయని నీకు తెలుసు. ఆరు మేడల వీధులవి. ఏడోది గోడకింది పేటది, అంటే మనది. మనదన్నమాటే గాని రెండు విడతలుగా అందులో కూర్చున్నది వంశధర్ బాబు. ఎన్నికలప్పుడే పేటలోకి వస్తాడు, వచ్చినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు. ఆ ఒక్క కుర్చీతో సభలో ఏదీ గెలవలేమని నాకూ తెలుసు. కాని ఆ కుర్చీలో ఉన్నవాళ్ళకి, మనందరికీ బువ్వ కొలిచి పెట్టే బువ్వకొట్టం యంత్రం పుస్తకం తెప్పించి చూసే హక్కు ఉంది. నాకు కావలసింది అదే. నీ నోటి దగ్గర బువ్వ ఎవరు తిన్నారో నాకు తెలియాలి.

కాగితం ఇవ్వడానికి వెళ్తే అక్కడి గుమాస్తా తల ఎత్తలేదు.

"చదువు?"

"మూడో తరగతి."

"పాసయ్యారా?"

"పరీక్షకి ముందురోజు సముద్రం బళ్ళోకొచ్చీసింది బాబూ."

కాసేపు ఆలోచించి "ఫెయిల్" అని రాసుకున్నాడు. సముద్రం పాసయింది కాబోలు.

"పోటీకి కారణం" అన్న గడిలో నేను "నా కూతురు" అని రాశాను. ఆయన కొట్టేయబోయాడు.

"ఇది కారణం కాదమ్మా. ప్రజాసేవ అని రాయండి. అందరూ అదే రాస్తారు."

"అందరూ రాసీసినాక అందులో నాకేటి మిగిల్నాది బాబూ," అన్నాను.

గుర్తుల్లో మూడే మిగిలాయి. దువ్వెన, తాళంకప్ప, కంచం. కంచం తీసుకున్నాను.

శుద్ధ తదియ. పొద్దుటి పోటు 30 అడుగులు. గాలి లేదు.

ఇవాళ వంశధర్ బాబు గోడ మీదకి ఎక్కాడు. కెమెరాలు ముందు ఎక్కాయి, వెనక ఆయన. గోడకి పట్టిన గుల్లలు గీకేవాళ్ళు వేసుకునే రబ్బరు బూట్లు ఆయనా వేసుకొచ్చాడు. కొత్తవి. అడుగున అంటించిన చీటీ కూడా పీకలేదు. అడుగు వేసినప్పుడల్లా అది కనబడుతోంది.

"నేనూ కష్టజీవుల కుటుంబం నుంచి వచ్చినవాణ్ణే. ఈ గోడకి మొదటి రాయి వేసింది మా తాతగారు," అన్నాడు.

దానయ్య తాడు చుట్టుకుంటూ అక్కడే ఉన్నాడు. నీ తాడు పట్టిన దానయ్యే. నువ్వు పోయాక ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడడం లేదు. ఇవాళ మాట్లాడాడు.

"ఏసింది ఆయనే బాబూ. మోసింది మా తాత."

కెమెరావాళ్ళలో ఒకడు నవ్వి, వెంటనే దగ్గినట్టు చేశాడు.

తరవాత బాబు తాడు పట్టుకుని ఫొటో దిగుతానన్నాడు. తాడు రెండో కొసకి మనిషిని కట్టడానికి దానయ్య ఒప్పుకోలేదు. ఇసక బస్తా కట్టాడు. "ఇసకైతే సచ్చిపోదు," అన్నాడు. బాబు పది ఊపిర్ల సేపు ఆ బస్తాని పట్టుకుని ఆయాసపడ్డాడు. బస్తాని దింపించి, కెమెరా వైపు తిరిగి, "అజాగ్రత్త వల్ల మనం పోగొట్టుకున్న బిడ్డల కోసం నా గుండె కొట్టుకుంటోంది," అన్నాడు.

అజాగ్రత్త. నీ కాగితంలోనూ అదే మాట రాశారు. ఆటు సమయాన గోడకి అవతల తాడు మీద దిగి, గుల్లలు గీకుతూ, కళ్ళు తిరిగి, పట్టు వదిలేసి, అలకీ గోడకీ మధ్య పడ్డ పిల్లకి అజాగ్రత్తట. ఇరవై రెండేళ్ళ పిల్లకి కళ్ళెందుకు తిరిగాయని ఒక్కడూ అడగలేదు. దానయ్య నిన్ను పైకి లాగినప్పుడు తాడు ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు చెప్పాడు. "సెల్లీ, ఉత్త తాడు లాగినట్టే ఉన్నాది," అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలు, ఎన్నికల్లో నిలబడడానికి.

గోడకి ఇవతల ఇసక బస్తాకి బాబు మనుషులు దండ వేసి వెళ్ళారు. ఎందుకో వాళ్ళకే తెలియాలి.

శుద్ధ పంచమి. పొద్దుటి పోటు 28 అడుగులు. సన్న జల్లు.

ఓట్లు అడగడానికి కొట్టం కంటే మంచి చోటు లేదు. అందరూ అక్కడికే రావాలి. ఇళ్ళలో పొయ్యి వెలిగించనివ్వరు కదా.

పలక ఎక్కాను. యంత్రం నన్ను తూచింది. కంచం బయటకొచ్చింది. రెండున్నర పిడికిళ్ళ బువ్వ, పలచటి పులుసు. ఈ యంత్రం వచ్చిన మొదటి నెలలో నాకు నాలుగు పిడికిళ్ళు పడేది. "ఎవరి ఆకలి ఎంతో వాళ్ళకంత" అని అప్పుడు గోడల నిండా రాశారు. నా ఆకలి నాకంటే దానికే బాగా తెలుసన్నమాట. పెళ్ళిచూపుల్లో పిల్లనైనా ఒకమాట అడుగుతారు.

తింటున్నవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడాను. "మేడల ఈదుల్లో కంచం తగ్గనేదు. మన కంచమే ఎందుకు తగ్గతన్నాది? మన మెతుకు ఎవులో బొక్కుతన్నారు. నాకు ఓటెయ్యండి, ఎవులో పేరుతో సహా సెప్తాను."

బల్లలు చరిచారు. లోవరాజైతే నిలబడి చరిచాడు. నీ తరవాత నీ తాడు మీద దిగుతున్నది అతనే. ముగ్గురు పిల్లల తండ్రి. ముఖంలో దవడలు తప్ప ఏమీ లేవు.

"పిన్నీ, నువ్వు గెలిస్తే ముందు నాకో పిడికిడు ఎక్కువేయించు. నీ కోసం సరిసి సరిసి ఉన్నదీ కరిగిపోనాది," అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే, ఎప్పటిలాగే, ఎవరి కంచంలో వాళ్ళు ఒక ముద్ద తినకుండా ఒగ్గి లేచారు. గంగమ్మ ముద్ద. నేనూ ఒగ్గాను. ఇదివరకు ఆ ముద్దని తాడు పట్టేవాళ్ళు గోడెక్కి నీళ్ళలో వేసేవారు. కొట్టం వచ్చాక కంచం బయటికి తీసుకెళ్ళనివ్వరు, అందుకని కంచంలోనే ఒగ్గి మనసులో దండం పెట్టుకుంటాం. నీటితో పనిచేసేవాళ్ళం తినే చివరి ముద్ద మనది కాదు, ఆవిడది.

కొట్టంలో కడుగుడు పని చేసే రమీజా కంచాలు ఏరుకుంటోంది. వాటిని కిటికీలో పెడితే పైనున్న అద్దం కన్ను ఒక్కసారి మెరుస్తుంది, తరవాత కడుగుడు. నావైపు చూసి ఏదో అనబోయి, పై అధికారి పిలిస్తే వెళ్ళిపోయింది.

శుద్ధ అష్టమి. పొద్దుటి పోటు 25 అడుగులు. సముద్రం పడుకుంది.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం వంశధర్ బాబు నేను నీళ్ళు కొలిచే మట్టం గదికి వచ్చాడు. కెమెరాలు లేవు. ముక్కుకి గుడ్డ కూడా లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"పోలమ్మగారూ, మీ మీద నాకు చాలా గౌరవం," అన్నాడు. ఇలాంటి మాట వెనక ఎప్పుడూ ఒక గొయ్యి ఉంటుంది. "మీ అమ్మాయి బువ్వ ఎవరో తిన్నారని మీరు చెప్తున్నారు. నేను యంత్రం పుస్తకం తెప్పించి చూశాను. ఎవరూ తినలేదండీ. మీ అమ్మాయే తినలేదు."

ఒక కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు. కంచాల బొమ్మలు. అద్దం కన్ను తీసినవి. ప్రతి బొమ్మ కింద నీ అసలు పేరు, నూకరత్నం అని, తేదీ. పదకొండు నెలలు. ప్రతి కంచంలో ఒక ముద్ద.

"యంత్రం వచ్చింది మొదలు పదకొండు నెలలు రోజూ అన్నం మిగిల్చింది. ఆకలి లేనివాళ్ళకి యంత్రం తగ్గిస్తుంది. అదంతా నోటీసులో ఉంది. కొట్టం తలుపు మీద ఏడాదిగా అంటించే ఉంది," అన్నాడు.

ఆ నోటీసు నాకు తెలుసు. మూడు పేజీలు. ఆ అక్షరాలు చదవాలంటే చీమకైనా కళ్ళజోడు కావాలి.

"ఈ బొమ్మలు సభలో చూపిస్తే మీకే బాధ. మీరు తప్పుకోండి. గోడమీద మీ అమ్మాయి పేరుతో పాలరాయి పెట్టిస్తాను. ఈ కట్ట మీరే ఉంచుకోండి, మా దగ్గర ఇంకోటి ఉంది." మంచి మనిషి. పోతూ తలుపు కూడా మెల్లిగా వేశాడు.

ఆయన వెళ్ళాక బొమ్మలు ఒక్కొక్కటీ తిప్పాను. మొదటి వాటిలో కంచం అంచు దాకా బువ్వ తిన్న మరక ఉంది. రానురాను మరక చిన్నదయింది. ముద్ద మాత్రం అదే. నీ మూడు వేళ్ళ ఆనవాళ్ళతో, గుండ్రంగా, కుడివైపు. నేను నేర్పినట్టే.

నీకు అయిదేళ్ళప్పుడు కంచం నాకబోతే చేతిమీద కొట్టాను. "అది గంగమ్మది," అన్నాను. ఆఖరి రోజు పొద్దున్న కొట్టంలో నా పక్కన కూర్చుని, ఆ ముద్ద వైపు చూస్తూ నువ్వు అడిగావు.

"అమ్మా, ఈయేళ ఇది తినీనా?"

నేనేమన్నానో నీకు తెలుసు. నాకూ తెలుసు. ఇప్పుడు ఈ పుస్తకానికీ తెలియాలి. "ఒక్క ముద్దకి సచ్చిపోతావేటే," అన్నాను.

శుద్ధ నవమి. పొద్దుటి పోటు 26 అడుగులు. గాలి ఉత్తరానికి తిరిగింది.

రమీజా ఇంటికి వెళ్ళి అడిగాను. తలుపు దగ్గరే చెప్పింది, నా ముఖం చూడకుండా.

"అప్పా, ఆ కన్ను కంచంలో ఏటి మిగిల్నాదో సూత్తాది. పది రోజులు వరసాగ్గా మిగిల్తే ఒక సెంచా కోసేత్తాది. అయిదు రోజులు ఊడ్సి తింటే ఒక సెంచా పెంచుతాది. మొన్న నీకు సెప్దామనే సూసినాను. ఎలా సెప్పను? మీ గంగమ్మ సంగతిలో నానెవుల్ని?"

"మేడలోళ్ళు?"

"ఆలు నాకీసి ఒగ్గుతారు. ఆలకి గంగమ్మతో పనేటి?"

పదకొండు నెలలు. పది రోజులకొక చెంచా. ముప్పై మూడు చెంచాల బువ్వ నీ ఒంట్లోంచి తీసి, నిన్ను అడగకుండానే యంత్రం నీకు ఆకలి లేదని తేల్చింది. దొంగ ఎవడో పట్టుకుంటానని ఊరంతా తిరిగాను. అద్దంలో చూసుకుంటే సరిపోయేది.

దానయ్యకి చెప్పాను. ఆయన చేతిలో తాడు పక్కన పెట్టాడు. తరవాత అన్నాడు.

"ఇప్పుడు సెప్పకు సెల్లీ. దొంగున్నాడంటే ఓట్లేత్తారు. మీ ముద్దే మిమ్మల్ని సంపుతన్నాదంటే నిన్ను తంతారు. పున్నానికి ఓట్లు. గెల్సీసి సెప్పు."

"ఆరు రోజులు దానయ్యన్నా."

"ఏడాదై తిన్నారు ఇలాగే. ఆరు రోజుల్లో ఏటవుద్ది?"

ఆయన చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. ఇలాంటి తెలివితేటలు వంశధర్ బాబుకే ఉంటాయనుకున్నాను. మనకీ ఉన్నాయి, కుర్చీ కనబడగానే మొలుస్తాయి. సరే అన్నాను. ఆ సరే అన్న నోటితోనే సాయంత్రం పది ఇళ్ళలో ఓట్లు అడిగాను. వాళ్ళు నవ్వుతూ వేస్తామన్నారు. నేనూ నవ్వాను. బాబు నవ్వే నవ్వే.

శుద్ధ ఏకాదశి. పొద్దుటి పోటు 28 అడుగులు. అలలు లేచాయి.

ఇవాళ పగటి ఆటుకి లోవరాజు పట్టు వదిలేశాడు.

నేను మట్టం గదిలోంచి చూశాను. గీకుడుకత్తి ముందు పడింది. తరవాత అతని చేతులు తాడు మీదనుంచి జారాయి, ఎవరో నిద్రలో దుప్పటి వదిలేసినట్టు. ఈసారి దానయ్య నడుముకి రెండో ముడి వేసి ఉంచాడు. నీ తరవాత వేయడం మొదలుపెట్టిన ముడి. లోవరాజు తలకిందులుగా వేలాడాడు. నేనూ పరిగెత్తి తాడు అందుకున్నాను. ఇద్దరం లాగాం. ఉత్త తాడు లాగినట్టే వచ్చాడు.

గట్టుమీద పడుకోబెట్టాక కళ్ళు తెరిచి, "పిన్నీ, కత్తి పోనాదా? దాని ఖరీదు నా కాడ కోత్తారు," అన్నాడు.

"పోనీరా. గంగమ్మ గడ్డం గీసుకుంటాది," అన్నాడు దానయ్య. అని, వెనక్కి తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

కాసేపాగి నా దగ్గరికి వచ్చాడు. "సెప్పీ సెల్లీ," అన్నాడు. "ఓట్లు నేకపోతే పోనీ."

శుద్ధ త్రయోదశి. పొద్దుటి పోటు 30 అడుగులు. ఎండ.

కొట్టం ముందు సభ పెట్టుకున్నాం. వంశధర్ బాబు మనుషులు పక్కనే తెర కట్టుకుని, ఎప్పుడు బొమ్మలు వేద్దామా అని కూర్చున్నారు. వాళ్ళ శ్రమ నేనే తగ్గించాను. దానయ్య నీ తాడు తెచ్చి రెండు స్తంభాల మధ్య కట్టాడు. బట్టలు ఆరేసినట్టు నీ కంచాల బొమ్మలన్నీ దానికి తగిలించాం. మూడువందల ముప్పై. గాలికి అవి రెపరెపలాడుతుంటే జనం దగ్గరికొచ్చి చూశారు.

నాకు ఉపన్యాసం రాదు. ఉన్నది చెప్పాను.

"ఇవి మా గవ్వ కంచాలు. పక్కకి ఒత్తి ఒగ్గిందే, అది గంగమ్మ ముద్ద. అది నానే నేర్పినాను. ఆ కన్ను దాన్ని సూసి, దీనికి ఆకలి నేదు, రేపు తగ్గించు అంతాది. మీవీ అలగే కోత్తన్నాది. దొంగెవుడూ నేడు. ఉన్నాడని మీకు సెప్పినాను, అబద్దం. మీరు రోజూ ఒగ్గిన ముద్దే మీ కంచం తినీసింది. రేపట్నుంచి ఒగ్గకండి. ఊడ్సి తినండి."

 సన్యాసమ్మ లేచింది. పేటలో అందరికంటే పెద్దది, గంగమ్మ పండగకి తొలి కుండ ఎత్తేది ఆవిడే.

"ఏటే పోలీ, ఆయమ్మ ముద్ద ఒగ్గొద్దంతావేటే? ఆయమ్మ నోట్లో కూడు తీసీమంతావా? రేపు గోడ కూలితే ఎవులు జవాబు సెప్తారు?"

"గంగమ్మకి నాను పిల్లనే ఇచ్చీసినాను పెద్దమ్మా," అన్నాను. "ఆవిడికి ఇంకా ముద్ద కావాలేటి? కావాలంటే నన్నొచ్చి అడగమను. మట్టం గది ఎక్కడో ఆవిడికి తెలుసు."

ఆవిడ నోరు మూసుకోలేదు. జనం రెండుగా చీలి అరుచుకున్నారు. అప్పుడు వంశధర్ బాబు మనిషి ఒకడు లేచి, "చూశారా, తన కూతురి చావుకి తనే కారణమని ఆవిడే ఒప్పుకుంది," అన్నాడు.

"ఒప్పుకున్నాను బాబూ," అన్నాను. "నాకు తెలీక సేసినాను. మీ బాబుకి ఈ పుస్తకం ఏడాదై సేతిలో ఉన్నాది. తెలిసీ ఒక్క మాట సెప్పనేదు. ఓట్లకి పనికొత్తాదని కట్టగట్టి దాసుకున్నాడు. మా ఇద్దర్లో ఎవులికి ఓటెయ్యాలో మీ ఇష్టం. ఎవులికీ ఎయ్యకపోయినా పరవానేదు. బువ్వ మాత్రం తినీండి."

 ఒక బొమ్మ ఊడి కిందపడితే లోవరాజు పెళ్ళాం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ తాడుకి తగిలించింది.

పౌర్ణమి. పొద్దుటి పోటు 32 అడుగులు. గోడమీదకి నురగ వచ్చింది.

ఓడిపోయానే. నాకు 412. బాబుకి 431. మనవాళ్ళలోనే చాలామంది కంచం గుర్తు మీద వేలు పెట్టడానికి భయపడ్డారట. గంగమ్మ చూస్తుందని. బాబు గుర్తు గొడుగు. దాన్ని ఆవిడ పట్టించుకోదు కాబోలు.

గెలిచాక బాబు నా దగ్గరికి నడిచొచ్చి, కెమెరాల ముందు నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ తల్లి కన్నీరు నా కళ్ళు తెరిపించింది," అన్నాడు. నేను ఏడవడం లేదు. ఆయన చేతికి సెంటు వాసన, కళ్ళలోకి అదే పోయి మండింది. పాలరాయి సంగతి మళ్ళీ ఎత్తలేదు. అదొక్కటే నాకు లాభం.

బహుళ విదియ. పొద్దుటి పోటు 31 అడుగులు. గాలి లేదు.

రమీజా పని వదిలి నా గదికి పరిగెత్తుకొచ్చింది. అంత ఒళ్ళుతో ఆవిడ పరిగెత్తగలదని నాకు తెలియదు.

"అప్పా, మూడు రోజులై కంచాలు ఎలా వత్తన్నాయనుకున్నావు? కడగడానికి ఏటీ నేదు. తళతళ. నా ఉద్యోగం పోయేలా ఉన్నాది."

నేను నమ్మలేదు. మధ్యాహ్నం వెళ్ళి చూశాను. గంగమ్మ చూస్తుందని నాకు ఓటెయ్యనివాళ్ళే, గంగమ్మ చూస్తుండగానే కంచం వేలితో గీసి తింటున్నారు. మూలన సన్యాసమ్మ కూడా. నన్ను చూసి కంచం దించింది. గడ్డానికి పులుసు.

"ఏటి సూత్తావే?" అంది. "గంగమ్మకి ఈయేళ ఉపాసం."

బహుళ పంచమి. పొద్దుటి పోటు 28 అడుగులు. పడమటి గాలి.

కంచాల్లో ఒక చెంచా పెరిగింది. ఒక్క చెంచా. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. కొట్టంలో అరుపులేవీ లేవు, అందరూ కంచం వైపు చూసి పక్కవాడి కంచం వైపు చూశారు, అంతే. లోవరాజు వేలితో ఆ చెంచాడు పక్కకి జరిపి, కొలిచి, మళ్ళీ కలుపుకుని తిన్నాడు.

కొట్టం తలుపు మీద అప్పుడే కొత్త బోర్డు వేలాడుతోంది. "మీ ఆకలి విన్న నాయకుడు. ప్రతి కంచానికీ ఒక చెంచా అదనం." పక్కన గొడుగు పట్టుకున్న బాబు బొమ్మ, కాళ్ళకి ఆ బూట్లే. ఈ బోర్డు అక్షరాలు మాత్రం సముద్రంలోంచి కూడా చదవచ్చు. దానయ్య దాని కింద నిలబడి చాలాసేపు చదివి, "సదువుకున్నోడు సెల్లీ. నాకిన కంచాన్ని కూడా తనే కడిగినానంతాడు," అన్నాడు.

ఒక సంగతి నీకు చెప్పాలి. ఊరంతటికీ ఊడ్చి తినమని చెప్పిన నేను ఈ వారం రోజులూ తినలేదు. కంచంలో ఆఖరి ముద్ద దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. యాభై ఏళ్ళ చెయ్యి. యంత్రం ఇవాళ అందరికీ పెంచి నాకు పెంచలేదు. నాకు ఆకలి లేదనుకుంది. అది అనుకున్నదాంట్లో ఈ ఒక్కటీ నిజం.

ఇవాళ నువ్వు కూర్చునే చోట కూర్చున్నాను. ముద్ద పక్కకి ఒత్తాను. మూడు వేళ్ళ ఆనవాళ్ళు పడ్డాయి, నీవి పడ్డట్టే. నువ్వు అడిగింది మళ్ళీ వినబడింది. అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెప్పాను. తినీ గవ్వా, అన్నాను. పైకే అన్నాను. పక్కవాళ్ళు విని తలలు దించుకున్నారు. ఆ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. చల్లారిపోయింది. మింగడానికి చాలాసేపు పట్టింది. మింగాను.

ఈ పుస్తకంలో ఇదే ఆఖరి పేజీ. రేపు కొత్త పుస్తకం ఇస్తారు. ఇది బీరువాలోకి పోతుంది. నా తరవాత ఈ గదిలో నీళ్ళు కొలిచేవాళ్ళు పాత మట్టాలు చూడడానికి ఎప్పుడైనా దీన్ని తీస్తారు. అలా తీసి చదివే నువ్వెవరో నాకు తెలియదు. పైన రాసిన అడుగులన్నీ సరైనవే, నమ్మవచ్చు. "విశేషాలు ఏమీ లేవు" అన్నవి నమ్మకు.

కొట్టం గంట కొట్టగానే వెళ్ళు. కడుపునిండా తిను. కంచంలో ఏమీ ఒగ్గకు.